ఓపెన్ వాటర్ అయ్యింది, నీళ్ళలో నిలకడ రాలేదు. ముందు ఏం కొనాలి?

పెదవాల్తేరు_పిల్లోడు
స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు ఓపెన్ వాటర్ అయిపోయి కార్డు చేతికొచ్చింది. పోయిన సీజనంతా ఋషికొండలో దిగాను, చింతపల్లి వైపు కూడా వెళ్ళొచ్చాను. ఇష్టం రోజురోజుకీ పెరుగుతోంది గానీ నీళ్ళలో ఒకచోట నిలవడం మాత్రం రావట్లేదు. కాస్త కిందికి జారితే మోకాళ్ళు ఇసకలో ఆనుతున్నాయి. జాకెట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ నొక్కితే పైకి లేచిపోతున్నాను. గాలి వదిలితే మళ్ళీ కిందికి. డైవంతా ఆ రెండు బటన్లతోనే సరిపోతోంది, ఇంక చేపల్ని చూసే తీరికేది? పైగా గాలి అందరికంటే ముందు నాకే అయిపోతుంది. నాతో జతగా దిగే బడ్డీ దగ్గర ఇంకా సగం ట్యాంకు ఉండగానే నా కోసం పైకి రావాల్సి వస్తోంది. ఆయన ఒక్క మాట అనరు, నాకే మనసొప్పట్లేదు.

ఒక దుకాణంలో అడిగితే, అద్దె బీసీడీతో (ఆ గాలి నింపుకునే జాకెట్) అలాగే ఉంటుంది, సొంతది వేసుకుంటే నిలకడ దానంతటదే వస్తుంది అన్నారు. బీసీడీ, ట్యాంకు గాలిని నోటికందించే రెగ్యులేటర్, లోతూ టైమూ లెక్కేసే చేతి కంప్యూటర్ కలిపి లక్షన్నర చెప్పారు. బోనస్ డబ్బులున్నాయి, కొనగలను. కానీ ముందు కొనాల్సింది అదేనా? ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 72 కిలోలు, కళ్ళజోడు ఉంది.

భీమిలి_బ్యాక్‌రోల్
కొనే సంగతి తర్వాత. మునగడానికి నడుముకి ఎన్ని కిలోల బరువులు కడుతున్నారు?

పెదవాల్తేరు_పిల్లోడు
8 కిలోలు. 3 మిల్లీమీటర్ల ఫుల్ సూట్, అల్యూమినియం ట్యాంకు. ప్రతిసారీ అంతే ఇస్తారు.

భీమిలి_బ్యాక్‌రోల్
దొంగ దొరికాడు.

లాసన్స్‌బే_లలిత
అవును, మీ ఒంటికి, ఆ సూట్‌కి 8 చాలా ఎక్కువ. కొన్ని పడవల్లో మనం ఎక్కేసరికే బెల్టులు గుచ్చి వరసగా పెట్టేసి ఉంటాయి. కొత్తవాళ్ళు దిగలేక పైనే తేలుతూ ఉంటే టైము పోతుందని ఓ రెండు కిలోలు ఎక్కువే వేస్తారు. మొదటిసారి చెయ్యి పట్టుకుని దింపాల్సినవాళ్ళకైతే అది సరిపోతుంది. కార్డు వచ్చాక కూడా అదే బెల్టు కట్టుకుంటే ఎలా? "నాకు ఎంత కావాలో చూసుకుంటాను, అయిదు నిమిషాలివ్వండి" అని అడగండి. ఎవరూ కాదనరు.

డాల్ఫిన్స్‌నోస్
లక్షన్నర జేబులోనే ఉంచు తమ్ముడూ. ఒక లెక్క చెప్తాను, ఓపిగ్గా చదువు.

నీకు 5 కిలోలు చాలనుకుందాం, కట్టింది 8. ఆ అదనపు 3 కిలోల్ని మోయడానికి బీసీడీలో ఓ 3 లీటర్ల గాలి నింపాలి. నీళ్ళ మీద ఒత్తిడి 1 బార్, 10 మీటర్ల లోతులో 2 బార్. ఏ చేపనో చూద్దామని 5 మీటర్లకి వచ్చావు, అక్కడ 1.5 బార్. ఆ 3 లీటర్లు కాస్తా 4 లీటర్లయ్యాయి. నువ్వు బటన్ ముట్టుకోలేదు, అయినా ఒక కిలో తేలికైపోయావు. తేలికయ్యావు కాబట్టి ఇంకా పైకి, పైకి పోతున్నకొద్దీ గాలి ఇంకా ఉబ్బుతుంది. కంగారుపడి మొత్తం వదిలేస్తావు, ఆ 3 కిలోలూ మళ్ళీ నిన్ను కిందికి లాగుతాయి. దిగుతున్నకొద్దీ ఒత్తిడికి సూట్ నలుగుతుంది, అందులో ఉన్న తేలిక కూడా పోతుంది. చివరికి ఇసక. నువ్వు రాసింది ఇదే కదా? బరువు సరిగ్గా ఉంటే బీసీడీలో గాలే తక్కువ ఉంటుంది. ఉన్నది తక్కువైతే ఉబ్బేదీ తక్కువే.

ఇంకో సంగతి. 20 మీటర్ల నుంచి 15కి వస్తే గాలి ఐదో వంతు పెరుగుతుంది. 10 నుంచి 5కి వస్తే మూడో వంతు. 5 నుంచి పైకి వస్తే ఏకంగా సగం. లెక్కలో తేడా 5 మీటర్లే, ఫలితం చూడు. ఋషికొండ దగ్గర మనం దిగేది చాలావరకు 10 మీటర్ల లోపే. లోతు లేదు కాబట్టి తేలిక అనుకుంటారు గానీ నిలకడకి అసలు కష్టమైన లోతు అదే. అక్కడ నేర్చుకున్నవాడికి అండమాన్‌లో 18 మీటర్లు హాయిగా ఉంటుంది.

మధురవాడ_మైత్రి
సూట్ నలగడం గురించి ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు మాకు. మరి ఎంత బరువు కావాలో తేల్చుకోవడం ఎలా?

డాల్ఫిన్స్‌నోస్
నీళ్ళ మీద నిటారుగా ఉండు, రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి. కాళ్ళు ఆడించకు. బీసీడీ ఖాళీ చేసి మామూలు ఊపిరి ఒకటి తీసుకుని ఆపు. నీళ్ళు కళ్ళ ఎత్తుకి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఊపిరి ఆపడం ఈ పరీక్షకి, అదీ నీళ్ళ మీదే. కింద ఎప్పుడూ ఆపకూడదు, అది కోర్సులో మొదటి రోజే చెప్పి ఉంటారు.

అయితే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు చేస్తే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గాలికీ బరువుంది. 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంకుతో 200 బార్‌కి దిగి 50 బార్‌కి వచ్చావంటే వాడింది 1600 లీటర్ల పైమాటే. లీటరు 1.2 గ్రాములు వేసుకుంటే 2 కిలోలు. డైవ్ చివరికి అంత తేలికవుతావు. అందుకని నిండు ట్యాంకుతో సరిపోయినదానికి 2 కిలోలు కలుపుకో. అసలైన పరీక్ష మాత్రం చివర్లోనే. పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి సేఫ్టీ స్టాప్ చేస్తావు కదా, అప్పుడు 50 బార్ ఉండగా, బీసీడీ దాదాపు ఖాళీగా ఉంచి, తాడు పట్టుకోకుండా నిలవగలిగితే అదే నీ బరువు.

గాజువాక_గాలిబుడగ
డాల్ఫిన్స్‌నోస్ గారి లెక్కతో పేచీ లేదు. "లక్షన్నర జేబులోనే ఉంచు" అన్నది మాత్రం ఒప్పుకోను. అద్దె బీసీడీ ఇవాళ ఒక సైజు, రేపు ఇంకో సైజు. ఒకదానికి కుడి భుజం మీద గాలి వదిలే డంప్ తాడు ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఒకదాని ఇన్‌ఫ్లేటర్ తాకితే చాలు బుస్సుమంటుంది, ఇంకోదాన్ని బొటనవేలు నొప్పెట్టేదాకా నొక్కాలి. జాకెట్ వదులైతే ట్యాంకు వీపు మీద అటూ ఇటూ దొర్లుతుంది, మనిషి పక్కకి ఒరుగుతాడు. ఇన్ని మారుతూ ఉంటే చెయ్యికి అలవాటు ఎప్పుడవుతుంది? సొంతదైతే చూడకుండానే చెయ్యి డంప్ మీదికి వెళ్తుంది. దుకాణంవాళ్ళు అమ్ముకోడానికే చెప్పినా అందులో నిజం లేకపోలేదు.

భీమిలి_బ్యాక్‌రోల్
నిజం ఉంది, వరస తప్పింది. 8 కిలోలతో ఏ బీసీడీ కట్టినా యో-యోనే.

గాజువాక_గాలిబుడగ
బరువు తగ్గించొద్దని నేననలేదే.

లాసన్స్‌బే_లలిత
గాలిబుడగ గారి మాట ఆడవాళ్ళ విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం. అద్దెకిచ్చేచోట ఎక్కువగా ఎమ్, ఎల్ సైజులే. నా ఒంటికి ఎమ్ వేస్తే నీళ్ళ మీద గాలి నింపగానే జాకెట్ చెవుల దాకా వచ్చేస్తుంది, నేను లోపల వేలాడుతూ ఉంటాను. అందుకే నేను మాస్కు తర్వాత కొన్నది బీసీడీయే. కానీ పిల్లోడు గారికి మీడియం ఎక్కడైనా దొరుకుతుంది, ఆయనకి ఆ తొందర లేదు.

డాల్ఫిన్స్‌నోస్
లలితమ్మా, సైజు దొరకనివాళ్ళకి బీసీడీ ముందు, ఒప్పుకుంటున్నా. పిల్లోడికి మాత్రం నా వరస: మాస్కు, కంప్యూటర్, ఆ తర్వాత ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు), బూట్లు, సూట్. రెగ్యులేటర్, బీసీడీ ఆఖర్న.

పెదవాల్తేరు_పిల్లోడు
మాస్కు అంత ముఖ్యమా? ఏదో ఒకటి పెట్టుకుంటే చాలనుకున్నానే.

లాసన్స్‌బే_లలిత
మాస్కులోకి నీళ్ళు కారుతుంటే నిమిషానికోసారి ముక్కుతో ఊది ఖాళీ చెయ్యాలి. ఊదిన ప్రతిసారీ ఊపిరి లయ చెడుతుంది, గాలీ ఖర్చు. నిలకడంతా ఊపిరి మీదే ఆధారపడింది. ఇంక చెప్పండి, ముఖ్యం కాదా?

దుకాణంలో పట్టీ వెనక్కి వేసుకోకుండా మాస్కుని మొహానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చెయ్యి తీసినా పడకుండా నిలిస్తే అది మీ మొహానిదే. ధర ఎక్కువైనంత మాత్రాన కుదరదు. నోట్లో రెగ్యులేటర్ మౌత్‌పీస్ పెట్టుకుని కూడా చూడండి, అప్పుడు పై పెదవి దగ్గర ఆకారం మారుతుంది. మీసం ఉందా?

పెదవాల్తేరు_పిల్లోడు
ఉందండీ. బాగానే ఉంది.

భీమిలి_బ్యాక్‌రోల్
ముక్కు కింద సన్నని గీతంత గొరిగించుకుంటే చాలు, సిలికాన్ అక్కడ చర్మానికి ఆనుతుంది. మీసం మొత్తం తీసెయ్యక్కర్లేదు, ఇంట్లో భయపడకండి. వేజ్‌లైన్ మాత్రం రాయొద్దు.

లాసన్స్‌బే_లలిత
కళ్ళజోడు ఉందన్నారు కాబట్టి రెండు అద్దాలు విడివిడిగా ఉండే మాస్కు చూడండి. చాలా మోడళ్ళకి మైనస్ పవర్ అద్దాలు 0.5 తేడాలతో తయారుగా దొరుకుతాయి, పాతవి తీసి ఇవి బిగించేస్తారు. ట్యాంకులో గాలి ఎంతుందో చూపే ప్రెషర్ గేజ్ మీద అంకె తేటగా కనిపించడం సరదా కోసం కాదు కదా. కొత్త మాస్కు అద్దం మీద తయారీలో మిగిలిన సన్నని పొర ఉంటుంది, తెల్ల టూత్‌పేస్టుతో లోపలివైపు వేలితో బాగా రుద్ది కడగండి. లేకపోతే ఎంత ఉమ్మి రాసినా ఆవిరి పడుతుంది.

మధురవాడ_మైత్రి
మొహమంతా కప్పేసే స్నార్కెల్ మాస్కు ఒకటి మా తమ్ముడు కొన్నాడు. అది పనికొస్తుందా?

డాల్ఫిన్స్‌నోస్
వద్దు. అది నీళ్ళ మీద తేలుతూ చూడ్డానికే. అందులో రెగ్యులేటర్ పెట్టుకోవడం కుదరదు, చెవులు సర్దుకోడానికి ముక్కు పట్టుకోవడమూ కుదరదు.

జాలరిపేట_జీవా
మాస్కులు, బీసీడీలు అందరూ చెప్పేస్నారు. సముద్రం గురించి ఏటీ చెప్పలేదేటి? మాది చేపల ఏట చేసుకునే ఇల్లు, నాను ఇప్పుడు పడవ మీద డైవర్లని తీసుకెళ్తన్నాను.

వానలెళ్ళాక అక్టోబరు, నవంబరులో మన నీళ్ళు ఉప్పు తక్కువుంటాయి. ఒడిశా వైపు నుంచి కిందికి వచ్చే నీటివాలు ఏటి నీళ్ళని మోసుకొస్తాది. ఫిబ్రవరి దాటినాక వాలు తిరిగిపోయి పైకెళ్తాది, ఉప్పు పెరుగుతాది. ఉప్పు పెరిగితే మనిషి ఎక్కువ తేలతాడు. నవంబరులో సరిపోయిన బరువు ఏప్రిల్‌లో ఓ అరకిలో తక్కువ పడొచ్చు. అందుకే సీజను మారినప్పుడల్లా బరువు మళ్ళీ చూసుకోవాల.

మార్చి, ఏప్రిల్‌లో పైన ఎండ మండిపోతన్నా అడుగు నుంచి సల్లటి నీళ్ళు పైకొస్తాయి. పొట్టి సూట్ చాలనుకుని దిగినోళ్ళు వణుకుతూ పైకొస్తారు. వణికితే గాలి డబుల్ తాగుతారు.

మరోటి. అడుగున రాళ్ళకి తెగిపోయిన వలలు పట్టుకుని ఉంటాయి. నీళ్ళు మురికిగా ఉన్నప్పుడు దగ్గరికెళ్ళేదాకా కనపడవు. మోకాళ్ళ మీద ఇసకలో పాకేవోడికి ఫిన్ పట్టీయో గేజో దానికి తగులుకుంటాది. తగులుకుంటే గింజుకోకండి, ఆగి బడ్డీని పిలవండి. వల తాళ్ళు కోసే చిన్న లైన్ కట్టర్ జాకెట్‌కి ఉండాల, రెండు చేతులకీ అందేలాగ. లక్షన్నర పెట్టేవోడు ముందు అది కొనాల.

గాజువాక_గాలిబుడగ
జీవా, ఈ ఉప్పు సంగతి బంగారం లాంటి మాట. మంచినీళ్ళకీ సముద్రానికీ తేడా రెండున్నర శాతం. సామానుతో కలిపి 100 కిలోల మనిషికి రెండున్నర కిలోలు. అందుకే ఈతకొలనులో తేల్చుకున్న బరువు సముద్రంలో పనికిరాదు.

పెదవాల్తేరు_పిల్లోడు
జీవా గారూ, పడవలు పైన తిరుగుతుంటే భయం వేస్తుంది. ఇంజను చప్పుడు ఏ వైపు నుంచి వస్తుందో కింద అర్థం కాదు.

జాలరిపేట_జీవా
ఎవరికీ అర్థం కాదు. నీళ్ళలో చప్పుడు అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే ఉంటాది. ఆ ఎర్ర గొట్టం బెలూన్ ఉంటాది కదా, ఎస్ఎంబీ, అది 5 మీటర్ల నుంచే పైకి వదిలి దాని పక్కనే రండి. పడవోడికి అదొక్కటే కనపడతాది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏట నిషేధం, 61 రోజులు మరబోట్లు ఉండవు. ఆ రోజుల్లో కూడా చిన్న తెప్పలు తిరుగుతాయి, బెలూన్ మానొద్దు.

భీమిలి_బ్యాక్‌రోల్
ఎస్ఎంబీ వదలడం నిలకడ వచ్చాకే. రీలు పట్టుకుని బెలూన్‌లోకి గాలి ఊదుతుంటే దాంతోపాటు మనిషీ పైకి పోయే ప్రమాదం ఉంది. ముందు నేర్పించమని అడిగి, ఎవరైనా తోడుండగా చెయ్యి.

పెదవాల్తేరు_పిల్లోడు
సరే, బరువు సంగతి అర్థమైంది. బరువు సరిచేసుకున్నాక కూడా నిలవడానికి ఏం సాధన చెయ్యాలి?

లాసన్స్‌బే_లలిత
నేను చెప్పేది ఒక్కటే: బటన్ మీద నుంచి చెయ్యి తీసి ఊపిరి మీద మనసు పెట్టండి.

5 మీటర్ల దగ్గర, రాళ్ళు లేని ఇసక మీద బోర్లా పడుకోండి. ఫిన్స్ కొసలు మాత్రం ఇసకకి ఆనాలి. బీసీడీలోకి చిన్న చిన్న పఫ్‌లు వెయ్యండి, ఒకటి వేసి ఒక పూర్తి ఊపిరి తీసి వదిలి చూడండి. ఊపిరి తీసినప్పుడు ఛాతీ లేచి, వదిలినప్పుడు దిగితే ఆపెయ్యండి, ఇంక బటన్‌తో పనిలేదు. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఊపిరి తీసిన క్షణంలో ఒళ్ళు లేవదు. ఒకటి రెండు సెకన్లు పడుతుంది. లేవలేదే అని మళ్ళీ బటన్ నొక్కితే రెండూ కలిసి పైకి తోస్తాయి. కాబట్టి తీసుకున్నాక ఆగండి. ఆగడమంటే ఊపిరి బిగబట్టడం కాదు, గొంతు తెరిచే ఉండాలి, మెల్లగా వదలడం మొదలుపెట్టాలి.

అది కుదిరాక కాళ్ళు ఎత్తేసి అక్కడే తేలండి. చేతులు ముందుకి కట్టుకోండి. చేతులు ఆడిస్తున్నారంటే ఎక్కడో బరువు సరిగ్గా లేదనే. కంప్యూటర్ లోతుని పది సెంటీమీటర్ల దాకా చూపిస్తుంది. 5.0 దగ్గర మొదలుపెట్టి 4.7కీ 5.3కీ మధ్య ఉండడానికి చూడండి. రాళ్ళ పక్కన లయన్‌ఫిష్ కదలకుండా వేలాడుతూ ఉంటుంది చూశారా, దాని ఎదురుగా అంతే కదలకుండా నిలవగలిగిన రోజు మీకే తెలుస్తుంది ఎంత హాయిగా ఉంటుందో. అది మిమ్మల్ని చూసి జరగదు. రెక్కల మీద చారలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి, నోటి చుట్టూ వేలాడే పోగులు కూడా.

డాల్ఫిన్స్‌నోస్
లలితమ్మ చెప్పినదానికి నా వృత్తి నుంచి ఒక మాట. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి అందరూ వెళ్ళే ఉంటారు. సబ్‌మెరైన్ మునగడానికి పెద్ద బ్యాలస్ట్ ట్యాంకులు నింపుతారు. ఆ తర్వాత నీటి అడుగున సమతూకం చూసుకునేది వాటితో కాదు, చిన్న ట్రిమ్ ట్యాంకుల్లో నీళ్ళు అటూ ఇటూ మార్చి. నీ బీసీడీ పెద్ద ట్యాంకు, నీ ఊపిరితిత్తులు చిన్న ట్యాంకు. ఊపిరితిత్తుల్లో ఒక లీటరు తేడా అంటే ఒక కిలో తేడా. చిన్న సవరణలకి పెద్ద ట్యాంకు ముట్టుకోకు.

మధురవాడ_మైత్రి
ఇది చదివాక మళ్ళీ ఓసారి వెళ్ళి చూడాలనిపిస్తోంది. ఎప్పుడు వెళ్ళినా పెరిస్కోప్ దగ్గరే ఆగిపోతాం.

గాజువాక_గాలిబుడగ
గాలి తొందరగా అయిపోతోందన్న దాని గురించి: దాన్ని విడిగా పట్టించుకోవద్దు. 10 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరికీ పైన తీసుకునేదానికి రెండింతలు పోతుంది, అది ఎవరికైనా తప్పదు. నీకు ఎక్కువ పోయేది కాళ్ళు కొట్టడం వల్ల, బీసీడీలోకి నింపి వదలడం వల్ల. ఎక్కువ బరువుతో దిగినవాడు తల పైకి, కాళ్ళు కిందికి వాలి ఈదుతాడు. అలా ఈదితే ఒళ్ళంతా నీటికి అడ్డం, ముందుకి పోయేది తక్కువ, ఆయాసం ఎక్కువ. గాలి మిగిలించాలని ఊపిరి ఆపి ఆపి తీసుకోవడం మాత్రం చెయ్యొద్దు, తలనొప్పి వస్తుంది, నిలకడా పోతుంది.

భీమిలి_బ్యాక్‌రోల్
ఇంకా ఫ్రాగ్ కిక్ నేర్చుకో. మోకాళ్ళు మడిచి, పాదాలు పైకి ఉంచి, నీటిని వెనక్కి తొయ్యడం. మామూలు కిక్‌తో మన ఇసక లేస్తుంది, వెనకవచ్చేవాళ్ళకి ఏమీ కనపడదు. అసలే మన దగ్గర తేట నీళ్ళు దొరికే రోజులు తక్కువ.

మధురవాడ_మైత్రి
వేరే ప్రశ్న. మా గ్రూపు ఆదివారం పొద్దున్న రెండు డైవ్‌లు చేసి, మధ్యాహ్నం భోంచేసి అటే అరకు వెళ్దామని ప్లాన్ చేసింది. విమానం కాదు కదా, పర్వాలేదు కదా?

డాల్ఫిన్స్‌నోస్
పర్వా ఉందమ్మా, ప్లాన్ మార్చండి. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదనేది అందరికీ తెలుసు, కొండ ఎక్కకూడదని ఎవరూ అనుకోరు. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్‌కి తెలిసేది గాలి ఒత్తిడి తగ్గిందా లేదా అన్నదే, కారా విమానమా అన్నది కాదు. డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచనలు 610 మీటర్ల ఎత్తు నుంచీ వర్తిస్తాయి. అరకు 900 మీటర్ల పైన. అనంతగిరి దాటి గాలికొండ మీదుగా పోయే ఘాట్ రోడ్డు అంతకంటే ఎత్తుకెళ్తుంది. రైల్లో వెళ్ళినా శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లైతే 18 గంటలు ఆగాలి. మీరు చేసేది రెండు. సోమవారం పొద్దున్న బయల్దేరండి. లేదా శనివారమే అరకు వెళ్ళొచ్చి ఆదివారం డైవ్ చెయ్యండి, అది అన్నిటికంటే సులువు.

మధురవాడ_మైత్రి
అడగకపోతే వెళ్ళిపోయేవాళ్ళం. గ్రూపులో ఇప్పుడే పెడుతున్నా. మరి సింహాచలం?

డాల్ఫిన్స్‌నోస్
సింహాచలం 610 మీటర్లకి చాలా కిందే, దర్శనానికి వెళ్ళొచ్చు. మెట్లదారి మాత్రం ఆ రోజు వద్దు, బస్సెక్కండి. డైవ్ అయిన వెంటనే ఒళ్ళు అలిసే పని చెయ్యకూడదు.

భీమిలి_బ్యాక్‌రోల్
అప్పన్న కూడా ఆ రోజుకి బస్సే ఎక్కమంటాడు.

పెదవాల్తేరు_పిల్లోడు
కంప్యూటర్ రెండో వరసలో పెట్టారు. గైడు దగ్గర ఉంటుంది కదా, నాకెందుకు?

గాజువాక_గాలిబుడగ
గైడు నీకంటే ఒక మీటరు పైనో కిందో ఉంటాడు, ఇంకో గ్రూపుతో పొద్దున్నే ఒకసారి దిగి ఉంటాడు. ఆయన లెక్క ఆయనది, నీ లెక్క నీది. నువ్వు పైకి వచ్చే వేగం ఎక్కువైతే నీ చేతి మీదే కూత పెడుతుంది, నిమిషానికి 9 మీటర్లు దాటకుండా చూసుకోవచ్చు. మొదటి కంప్యూటర్‌కి రంగుల తెర అక్కర్లేదు. క్రెస్సీ లియోనార్డో, మారెస్ పక్ లాంటివి చాలు, అంకెలు పెద్దగా ఉంటాయి, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు.

జాలరిపేట_జీవా
ఏ రకం ఫిన్స్ కొనాలో ఎవరూ చెప్పలేదు. బూట్లతో వేసుకునే రకం తీసుకోండి. మన రాళ్ళ మీద గుల్లలు బ్లేడ్‌లాగుంటాయి, సముద్రపు ముళ్ళకాయలు కూడా ఉన్నాయి. ఉత్తి కాళ్ళతో ఒడ్డుకి నడిస్తే కోసేస్తాయి.

లాసన్స్‌బే_లలిత
రెగ్యులేటర్ కొనే రోజు వస్తే, ఏటేటా సర్వీసు ఎక్కడ చేయిస్తారో ముందు కనుక్కుని కొనండి. విడిభాగాలు మన దేశంలో దొరకని కంపెనీది తక్కువ ధరకి వచ్చినా నాకొద్దు. ట్యాంకుకి బిగించే భాగం, అంటే ఫస్ట్ స్టేజ్, యోక్ రకమా, డిన్ రకమా కూడా చూసుకోండి. మన వైపు ట్యాంకులు ఎక్కువగా యోక్‌వే, డిన్ కొంటే అడాప్టర్ కూడా పట్టుకెళ్ళాలి. ఇంక ఉప్పు. ఇంటికి రాగానే మంచినీళ్ళలో నానబెట్టాలి, ఫస్ట్ స్టేజ్‌కి డస్ట్ క్యాప్ బిగించాకే. నానుతున్నప్పుడు నోటి దగ్గరి భాగం మీదుండే పర్జ్ బటన్ నొక్కితే నీళ్ళు గొట్టంలోకి పోతాయి. బీసీడీ లోపల కూడా మంచినీళ్ళు పోసి తిప్పి వంచెయ్యాలి. మన ఊరి గాలిలోనే ఉప్పుంది, బాల్కనీలో ఎండబెట్టి మర్చిపోకండి.

పెదవాల్తేరు_పిల్లోడు
అందరికీ చెప్పాల్సింది ఉంది. మొన్న దిగే ముందు అయిదు నిమిషాలు అడిగి బరువు చూసుకున్నాను. 6 కిలోలతో దిగాను, తర్వాతి డైవ్‌కి 5. చివర్లో 50 బార్ ఉండగా 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకోకుండా మూడు నిమిషాలూ నిలిచాను. బడ్డీతో పాటే పైకొచ్చాను, ఆయన గేజ్‌లో ఎంతుందో దాదాపు నా దాంట్లోనూ అంతే. పవర్ అద్దాల మాస్కు కొన్నాను, కట్టర్ కూడా. ఒక గుహలాంటి రాయి కింద ఈల్ తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే ఎంతసేపైనా చూడొచ్చనిపించింది. ఒకటే ఇబ్బంది మిగిలింది, కదలకుండా ఉంటే కాళ్ళు మెల్లగా కిందికి దిగిపోతున్నాయి.

డాల్ఫిన్స్‌నోస్
భేష్! బరువంతా నడుము దగ్గరే ఉంది కాబట్టి కాళ్ళు దిగుతున్నాయి. ఒక కిలో తీసి ట్యాంకు పట్టీకి, భుజాల దగ్గరగా గుచ్చు. దానికీ కుదరకపోతే ట్యాంకుని రెండు వేళ్ళ వెడల్పు పైకి జరిపి కట్టు, తలకి తగలకుండా చూసుకుని. ఒక్కో డైవ్‌కి ఒక్కటే మార్చు, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల కుదిరిందో తెలియదు.

గాజువాక_గాలిబుడగ
బీసీడీ విషయంలో నా మాట నేను వదల్లేదు. నాదీ మీడియమే. వచ్చే ఆదివారం ఋషికొండలో ఒక డైవ్ నాది వేసుకుని, ఒకటి అద్దెది వేసుకుని చూడు. తేడా ఉందో లేదో నువ్వే ఇక్కడ రాయి.

పెదవాల్తేరు_పిల్లోడు
వస్తాను. అద్దె రెగ్యులేటర్ గొట్టం మీ ఇన్‌ఫ్లేటర్‌కి పడుతుందా?

గాజువాక_గాలిబుడగ
మామూలు కనెక్టరే, పడుతుంది. పొద్దున్న ఆరున్నరకల్లా రా, ఎండ ముదరకముందే బరువు చూసుకుందాం.